పనిలో తోడున్నవారికి ఏ మాట వాడాలి?

చాలా ఏళ్ల కిందట మా కార్యాలయంలో ఉద్యోగ విరమణ చేస్తున్న ఒక పర్యవేక్షకురాలికి సన్మాన పత్రం రాసే పని నాకు అప్పగించారు. ‘సహోద్యోగి’ అన్న మాట అప్పటికే నాలుగుసార్లు వచ్చిందని, ఐదోచోట దానికి బదులుగా ‘మా సహచరి’ అని రాశాను. పత్రాన్ని ముందుగా చూసిన ఒక పెద్దాయన ఆ మాట కింద పెన్సిలుతో గీత గీసి, ఈ రోజుల్లో ఆ మాటను భార్యకు వాడుతున్నారనీ, సభలో ఆవిడ భర్త కూడా ఉంటారనీ చెప్పి మార్చమన్నారు. పర్యాయపదాల పట్టికలో ఒకే వరుసలో కూర్చున్న మాటలు వాక్యంలోకి వచ్చేసరికి ఒకే అర్థాన్ని మోయవని నాకు ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి ఇలాంటి మాటలను ఎంచుకోవడానికి నేను పాటిస్తున్న పద్ధతిని, వినతిపత్రాలు, కరపత్రాలు, అనువాదాలు, వీడ్కోలు ప్రసంగాలు రాసేవారికి ఉపయోగపడుతుందన్న ఆశతో ఇక్కడ వివరిస్తున్నాను.

మాట కోసం వెతకడానికి ముందు ఆ ఇద్దరి మధ్య ఉన్న పని సంబంధాన్ని తేల్చుకోవాలి. వారు నెల జీతం మీద పనిచేస్తున్నారా, రోజు కూలి మీదా, లాభంలో వాటా మీదా అన్నది మొదట చూడవలసిన విషయం. ఒకరి పక్కన ఒకరు పనిచేస్తున్నారా, ఒకరి చేతికింద ఒకరా అన్నది రెండోది. మీరు రాసింది ఎవరి ఎదుట చదువుతారన్నది మూడోది. ఈ మూడింటికీ జవాబు దొరికితే సగం మాటలు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

నెల జీతం మీద ఒకే కార్యాలయంలో, ఒకే సంస్థలో పనిచేసేవారికి ‘సహోద్యోగి’ నిక్కమైన మాట. సహ, ఉద్యోగి అన్న రెండు పదాలు గుణసంధితో కలిసి ఇది ఏర్పడింది. సహ, ఉదరుడు కలిసి ‘సహోదరుడు’ అయినట్టే ఇదీ అయిందని గుర్తుంచుకుంటే ‘సహుద్యోగి’ అని రాసే పొరపాటు జరగదు. ఉద్యోగం అంటే సంస్కృతంలో ప్రయత్నం, పూనిక అని అర్థం. మహాభారతంలో యుద్ధ సన్నాహాలను చెప్పే పర్వానికి ఉద్యోగ పర్వమని పేరు వచ్చింది అందుకే. తెలుగులో మాత్రం ఆ మాట జీతం వచ్చే కొలువుకు స్థిరపడిపోయింది కాబట్టి, వరి నాట్లు వేసే ఇద్దరు మహిళలను సహోద్యోగులు అంటే చదివేవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ అవసరమైన మాట ‘తోటి’.

నా దృష్టిలో ఈ వరుస మొత్తంలో ఎక్కువ ఉపయోగపడే మాట ఇదే. తోటి రైతు, తోటి కూలీ, తోటి కండక్టరు, తోటి నర్సు, తోటి ఉపాధ్యాయుడు అని ఏ పనికైనా ముందు చేర్చుకోవచ్చు. సంధి చేయవలసిన పని లేదు, లింగం మార్చవలసిన పని లేదు, మాట సంస్కృతమా, ఉర్దూ నుంచి వచ్చిందా, ఇంగ్లీషు నుంచి వచ్చిందా అని చూడవలసిన పని కూడా లేదు. ‘సహ’కు ఆ సౌలభ్యం లేదు. సహనిందితుడు, సహసంపాదకుడు వంటి సంస్కృత పదాల ముందు అది చక్కగా ఒదుగుతుంది గాని, ‘సహ కూలీ’, ‘సహ డ్రైవరు’ అన్నప్పుడు అతుకు కనిపిస్తుంది. తోటికోడలు అన్న చుట్టరికంలో ఉన్న మాటే ఇక్కడా ఉంది కాబట్టి, ‘తోటి ఉద్యోగి’ అన్నప్పుడు ‘సహోద్యోగి’లో లేని దగ్గరితనం కొంత వినిపిస్తుంది. ఉత్తర్వులోనో సర్క్యులర్‌లోనో ‘సహోద్యోగి’ రాసి, వీడ్కోలు సభలో ‘తోటి ఉద్యోగి’ అనడం నాకు అలవాటు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: ‘తోటి’ని విశేషణంగానే వాడాలి, నామవాచకం కావలసినచోట ‘తోటివారు’ అనాలి. ఎందుకంటే పాత గ్రామ పరిపాలనలో తోటి అన్నది తలారి, నీరటి వంటి గ్రామ సేవకుల వరుసలోని ఒక కొలువు పేరు; ఆదిలాబాద్ ప్రాంతంలో గోండుల వంశ చరిత్రలను గానం చేసే ఆదివాసీ తెగ పేరు కూడా తోటి.

‘సహ’, ‘సహాయ’ అన్న రెండింటినీ కలగాపులగం చేయడం నేను తరచుగా చూసే పొరపాటు. విశ్వవిద్యాలయాల్లో సహాయ ఆచార్యుడు, సహ ఆచార్యుడు, ఆచార్యుడు అన్నవి మూడు వేర్వేరు మెట్లు. ఒక్క అక్షరం తప్పితే మనిషి ఒక మెట్టు కిందికో పైకో జరుగుతాడు. సినిమా రంగంలో ‘సహనటుడు’ అంటే అదే చిత్రంలో నటించిన మరొక నటుడా, రెండో వరుస పాత్రధారా అన్న సందేహం వస్తుంది. మొదటి అర్థానికి ‘తోటి నటుడు’ అనీ, రెండోదానికి ‘సహాయ నటుడు’ అనీ రాస్తే సందేహం ఉండదు. సహాధ్యాయి అంటే కలిసి చదువుకున్నవాడు మాత్రమే; ఒకే బడిలో పాఠాలు చెప్పే ఇద్దరిని సహాధ్యాయులు అనకూడదు, సహోపాధ్యాయులు అనాలి.

ఇక నన్ను ఇబ్బంది పెట్టిన ‘సహచరుడు’ సంగతి. కలిసి నడిచేవాడు అన్న అర్థం ఉన్న మాట కాబట్టి ఉద్యమాల్లో, సాహిత్య సంఘాల్లో, ఒక ఆశయం కోసం కలిసి పనిచేసినవారి మధ్య అది ఎంతో నిండుగా పలుకుతుంది. స్త్రీలింగంలో ‘సహచరి’ అన్నప్పుడు జీవిత సహచరి అన్న అర్థం ముందుకు వస్తుంది. మహిళల విషయంలో ‘సహోద్యోగిని’ అన్న రూపం ఉంది గాని, ‘సహోద్యోగి’ ఇకారంతో ముగిసే మాట కాబట్టి ఇద్దరికీ సరిపోతుంది. ‘ఆమె నా సహోద్యోగి’ అనడంలో వ్యాకరణ దోషం ఏదీ లేదు. పురుషుడికి ‘అధికారి’ అని రాసి అదే కుర్చీలో కూర్చున్న మహిళకు ‘అధికారిణి’ అని ప్రత్యేకంగా రాయడం అనవసరమన్నది నా అభిప్రాయం.

నామవాచకమే కావాలన్న పట్టుదల వదులుకుంటే తెలుగు మరొక దారి చూపిస్తుంది. మాట్లాడేటప్పుడు మనం ‘నాతో పనిచేసే ఆయన’, ‘మా ఆఫీసావిడ’, ‘పక్క సీటాయన’ అంటామే తప్ప సహోద్యోగి అనము. క్రియను విశేషణంగా మార్చుకోవడం మన భాషకు పుట్టుకతో వచ్చిన బలం. ‘మాతోపాటు పద్దెనిమిదేళ్లు పనిచేసిన’, ‘నాకు పని నేర్పిన’, ‘ఒకే విభాగంలో కలిసి పనిచేసిన’ వంటి పదబంధాలు సంబంధాన్నే కాకుండా కాలాన్నీ కృతజ్ఞతనూ కూడా చెబుతాయి. నా సన్మాన పత్రంలో ఐదోచోట చివరకు రాసింది ‘మాలో చాలామందికి ఫైలు రాయడం నేర్పిన’ అన్న పదబంధమే. ఒకే మాట పదేపదే వస్తోందనిపించినప్పుడు నిఘంటువు తెరవడానికి ముందు ఇలా వాక్యాన్ని మార్చి చూడండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సంభాషణ రాస్తున్నప్పుడు ‘కొలీగ్’, ‘టీమ్‌మేట్’ అన్న మాటలను తెలుగు లిపిలో యథాతథంగా ఉంచడమే సహజం. హైదరాబాద్‌లోనైనా, డాలస్‌లోనైనా వారు అనేది అదే.

‘సిబ్బంది’ విషయంలో వ్యాకరణం పట్టించుకోవాలి. ఒకప్పుడు శిస్తు వసూలుకు తోడుగా వెళ్లే సాయుధ బంటులకు పేరుగా ఉన్న ఈ మాట ఇప్పుడు ఒక సంస్థలో పనిచేసే అందరికీ వర్తిస్తోంది. ఇది సమూహాన్ని చెప్పే మాట కాబట్టి ‘సిబ్బంది వచ్చారు’ అని బహువచన క్రియ రాయాలి. ‘ఒక సిబ్బంది వచ్చాడు’, ‘సిబ్బందులు’ అన్న ప్రయోగాలు వార్తల్లో కనిపిస్తున్నాయి గాని అవి తప్పు. ‘సిబ్బందిలో ఒకరు’ అనాలి.

‘ఉద్యోగి’, ‘కార్మికుడు’ అన్న మాటల మధ్య గీత భాషకు సంబంధించినది మాత్రమే కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుడు ఎవరో నిర్వచించి, నిర్వహణ హోదాలో ఉన్నవారిని ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త చట్టం అమలులోకి వచ్చేదాకా, ఆ చట్టం కింద వేసే పిటిషన్‌లో ఏ మాట రాశామన్నది కేసు నిలబడటాన్ని నిర్ణయించగలిగేది. ఆర్టీసీని చూడండి. 2019 అక్టోబరులో తెలంగాణలో జరిగిన దాన్ని అందరూ ఆర్టీసీ కార్మికుల సమ్మె అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీలో పనిచేసేవారు ప్రజా రవాణా శాఖ కిందికి వచ్చి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. స్టీరింగు అదే, టికెట్ల యంత్రం అదే, మాట మాత్రం మారింది. దానితోపాటు వారికి వర్తించే సేవా నిబంధనలూ మారాయి. ఇలాంటివారి గురించి రాసేటప్పుడు ఏ రాష్ట్రం, ఏ సంవత్సరం అన్నది చూసుకోవాలి.

అంగన్‌వాడీల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పనిచేసే మహిళలను కేంద్ర ప్రభుత్వ పత్రాలు ‘కార్యకర్తలు’, ‘సహాయకులు’ అంటాయి, వారికి ఇచ్చేదాన్ని ‘గౌరవ వేతనం’ అంటాయి. ఊళ్లో తల్లులు మాత్రం ‘టీచరు’, ‘ఆయా’ అని పిలుస్తారు. కార్యకర్త అన్న మాట వినగానే తెలుగువారికి స్వచ్ఛందంగా పనిచేసే మనిషో, పార్టీ జెండా పట్టిన మనిషో గుర్తుకు వస్తారు గాని, రోజూ హాజరు వేయించుకుని పనిచేసే మనిషి గుర్తుకు రాదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ పొందే హక్కు ఉందని తీర్పునిచ్చింది. పేరులో దొరకని గుర్తింపు కోసం వారు న్యాయస్థానం దాకా వెళ్లవలసి వచ్చింది. అధికారిక పత్రంలో హోదా పేరును ఉన్నది ఉన్నట్టు రాయక తప్పదు. మీ సొంత వాక్యంలో ‘అంగన్‌వాడీలో పనిచేసే ఉపాధ్యాయురాలు’ అని రాయడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

‘భాగస్వామి’ అన్న మాటను కూడా తూచి వాడాలి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం వ్యాపార లాభాలను పంచుకోవడానికి ఒప్పుకున్నవారు భాగస్వాములు. సరుకులో, భోజనం పొట్లాలో ఇంటింటికీ చేర్చే యువకులను ఇప్పుడు ‘డెలివరీ భాగస్వాములు’ అంటున్నారు గాని, లాభంలో వాటా వారికి లేదు. ఒప్పందంలోని మాటను ఉటంకించవలసి వస్తే ఉటంకించండి. మీరుగా రాసేటప్పుడు ‘డెలివరీ కార్మికులు’ అన్నదే నిజానికి దగ్గరగా ఉంటుంది. ‘డెలివరీ బాయ్’ అన్నది అంతకంటే పొరపాటు, ఎందుకంటే ఆ పనిలో నలభై ఏళ్లు దాటిన కుటుంబీకులున్నారు, మహిళలూ ఉన్నారు.

పని జరిగే చోట వాడే మాటలు నిఘంటువులో ఉన్న అర్థానికి కట్టుబడి ఉండవు. అనువాదకులు, విలేకరులు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి కొంత వివరంగా చెబుతాను. ‘ఆసామి’ అంటే చాలా జిల్లాల్లో పొలం ఉన్న రైతు. సిరిసిల్ల మరమగ్గాల మధ్యకు వెళితే అదే మాటకు వేరే అర్థం ఉంది: సొంతంగా కొన్ని సాంచాలు (మరమగ్గాలు) పెట్టుకుని, యజమాని ఇచ్చిన నూలుతో బట్ట నేసి ఇచ్చి కూలి తీసుకునేవాడు ఆసామి. అతడు పూర్తిగా యజమానీ కాదు, పూర్తిగా కార్మికుడూ కాదు. అక్కడి వార్తలో ‘యజమానులు, ఆసాములు, కార్మికులు’ అని మూడు మాటలూ విడివిడిగా ఉండాలి. సింగరేణిలో ‘బదిలీ వర్కర్’ అంటే ఒక గని నుంచి మరో గనికి బదిలీ అయినవాడు అనుకుంటే పొరపాటు, రాని మనిషికి బదులుగా పనిలోకి తీసుకునే కార్మికుడు అని అర్థం. సరుకును బండ్లలోకి ఎక్కించి దించే జట్టుకు ‘ముఠా’ అన్న పేరు మార్కెట్ యార్డుల్లో గౌరవంగానే నడుస్తోంది, వారి సంఘాల పేర్లలోనూ ఉంది. పత్రికల్లో అదే మాట దొంగలకు అంటుకుపోయింది కాబట్టి ‘ముఠా సభ్యులు’ అని రాయకుండా ‘ముఠా కార్మికులు’ అని రాయాలి.

పాలమూరు నుంచి వలస వెళ్లే కూలీలకు ముందుగా డబ్బు ఇచ్చి, వారిని కూడగట్టి పనిచోటికి తీసుకువెళ్లే మనిషిని ‘గుంపు మేస్త్రీ’ అంటారు. మేస్త్రీ అన్నది పోర్చుగీసు నుంచి వచ్చి మనలో కలిసిపోయిన మాట. ఇల్లు కట్టే తాపీ మేస్త్రీకీ ఈ గుంపు మేస్త్రీకీ పనిలో పోలిక లేదు కాబట్టి, ‘మేస్త్రీ’ అని మాత్రమే రాసి వదిలేస్తే పాఠకుడికి ఇటుకలు, తాపీ కళ్ల ముందు మెదులుతాయి. విశాఖపట్నం చేపల రేవులో మర పడవ నడిపేవాడు సరంగు, అతనితో వేటకు వెళ్లేవారు కళాసీలు. ఏడాది జీతానికి రైతు ఇంట పనిచేసే మనిషి కోస్తాలో పాలేరు, తెలంగాణలో జీతగాడు. కథలో ఆ ప్రాంతపు మాటే రాయాలి. ఈనాటి మనిషిని గురించిన నివేదికలో మాత్రం ‘వ్యవసాయ కార్మికుడు’ అనడం మర్యాద.

చేతికింద పనిచేసేవారికి మాట ఎంచుకునేటప్పుడే రాసేవారి మనసు బయటపడుతుంది. అమరకోశంలో సేవకుడికి భృత్యుడు, దాసుడు, కింకరుడు, పరిచారకుడు వంటి మాటలు పదికి పైగా ఉన్నాయి; అవి పద్యానికి ఉపయోగపడతాయేమో గాని, ఈనాడు జీవించి ఉన్న ఏ మనిషికీ వాడదగినవి కావు. కార్యాలయాల్లో బిళ్ళబంట్రోతు, జవాను, అటెండరు అంటూ ఆ కొలువు పేరు తరం తరానికీ మారుతూ వచ్చి ఇప్పుడు ‘ఆఫీస్ సబార్డినేట్’ దగ్గర ఆగింది. పాత పేరుకు చిన్నచూపు అంటుకున్నప్పుడల్లా కొత్త పేరు తెచ్చారు. హోదా పేరు ఏదైనా, ఉత్తరంలో ఆ మనిషి పేరు పక్కన ‘గారు’ చేర్చడం మన చేతిలో ఉంది. అధికారికి ‘గారు’ రాసి, అదే వాక్యంలో అటెండరును ‘వచ్చాడు’ అని రాయడం నేను ఎక్కడ కనిపించినా దిద్దుతాను. ‘నా కింద పనిచేసే ఐదుగురు’ అనడానికి బదులు ‘మా విభాగంలో పనిచేసే ఐదుగురు’ అంటే సమాచారమేమీ తగ్గదు. ఎవరు ఎవరికి నివేదించాలో చెప్పవలసినచోట ‘పై అధికారి’, ‘దిగువ స్థాయి ఉద్యోగి’ అన్న మాటలు సరిపోతాయి.

ఇళ్లలో పనిచేసేవారిని ‘పనిమనిషి’, ‘పనిపిల్ల’ అనే అలవాటు చదువుకున్న కుటుంబాల్లోనూ పోలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక వారిని కార్మికులుగా గుర్తించింది. మన దేశంలో 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టం కూడా వారిని తన పరిధిలోకి తెచ్చింది. రాతలో ‘గృహ కార్మికులు’ అనీ, మాటలో ‘మా ఇంట్లో పనిచేసే ఆవిడ’ అనీ అనడం ఎవరికీ భారం కాదు. వీధులు ఊడ్చేవారి విషయంలో కులం పేరును పని పేరుగా వాడటం ఏ సందర్భంలోనూ తగదు. పారిశుద్ధ్య కార్మికులు అన్న మాట ఇప్పుడు అందరికీ తెలుసు.

సంబోధన విషయం కొద్దిగా చెప్పాలి. ఉత్తరం మొదట ‘సహోద్యోగులకు నమస్కారం’ అనీ, సభలో ‘ఉపాధ్యాయ మిత్రులారా’ అనీ మొదలుపెట్టవచ్చు. ‘కార్మిక సోదరులారా’ అన్న పాత సంబోధన సభలో సగం మందిని వదిలేస్తుంది కాబట్టి ‘సోదర సోదరీమణులారా’ అనాలి, లేదా ‘మిత్రులారా’ అని సరిపెట్టాలి. తెలంగాణ కార్యాలయాల్లో అన్న, అక్క అని పిలుచుకోవడం ఆప్యాయంగా ఉంటుంది గాని, ఆ పిలుపును మినిట్స్ పుస్తకంలోకి తేకూడదు.

ఒకప్పుడు కలిసి పనిచేసినవారికి ‘మాజీ సహోద్యోగి’ అని రాయడం కనిపిస్తోంది. మాజీ మంత్రి, మాజీ సర్పంచి అన్నప్పుడు పదవి పోయిందన్న ధ్వని ఉంటుంది, ఆ ధ్వని ఇక్కడికీ వస్తుంది. వేరే సంస్థకు వెళ్లినవారిని ‘పూర్వ సహోద్యోగి’ అనీ, పదవీ విరమణ చేసినవారిని ‘విశ్రాంత ఉద్యోగి’, ‘విశ్రాంత ఉపాధ్యాయురాలు’ అనీ రాయడం మేలు. సంతాప తీర్మానంలో ‘దివంగత’ను పేరుకు ముందు ఒకసారి రాస్తే చాలు, ఆ తర్వాత ప్రతి వాక్యంలోనూ ‘మా సహోద్యోగి’ అనే రాయండి, ‘మాజీ’ అనో ‘పూర్వ’ అనో చేర్చకండి.